ఎడమ చెవికి ప్రశ్నలు, కుడి చెవికి జవాబులు: ఒక ఇంటర్వ్యూ ఆడియోను మోనో చానెల్స్‌గా విడదీసిన కేస్

ఫిల్మ్ పంపిన మర్నాడు డైరెక్టర్ ఫోన్ చేసింది. "అన్నా, నేను అడిగిన ప్రశ్నలు అమ్మకి వినపడుతున్నాయి గానీ తను చెప్పిన జవాబులు వినపడట్లేదంట. ఫైల్ ఏమైనా పాడైందేమో చూస్తావా?"

ఆ ఫిల్మ్ 52 నిమిషాల సంభాషణ. టీచర్‌గా పనిచేసి రిటైరైన తల్లిని ఎదురుగా కూర్చోబెట్టుకుని కూతురు ఆమె జీవితం గురించి అడుగుతూ పోతుంది. ఆ కూతురే డైరెక్టర్. రెండు గంటల పైచిలుకు ఫుటేజ్ నా చేతిలో పడి 52 నిమిషాలైంది. పంపిన ఫైల్‌నే మళ్ళీ తెరిచి విన్నాను. ఇద్దరి మాటలూ శుభ్రంగా ఉన్నాయి. "అమ్మగారు దేంట్లో వింటున్నారు?" అని అడిగాను. "ఇయర్‌ఫోన్స్‌లో. తనకి కుడి చెవి వినపడదు, చాలా ఏళ్ళయింది" అంది.

ఫోన్ పెట్టేసి హెడ్‌ఫోన్స్ పెట్టుకున్నాను. కుడివైపుది చెవి మీంచి పక్కకి జరిపితే కూతురి గొంతు నిండుగా ఉంది. తల్లి గొంతు మాత్రం తలుపేసిన పక్క గదిలోంచి వస్తున్నట్టుంది. ఎడమది జరిపి కుడిది పెట్టుకుంటే అంతా తారుమారు. ఫైల్ నిక్షేపంగా ఉంది. అందులో ఏ చానెల్‌లో ఎవరున్నారో చూడకుండా ఎడిట్ మొత్తం పూర్తి చేసింది నేను. తన జీవితం గురించి తను చెప్పుకున్న మాటలు ఆమె తనే వినలేకపోయింది. ఆ సంగతి ఇప్పటికీ బాధగానే ఉంటుంది. అందుకే ఏం జరిగిందో, ఎలా సరిచేశానో పూర్తిగా రాస్తున్నాను.

అసలు ఆ ఫైల్‌లో ఏముంది

షూటింగ్‌లో ఇద్దరికీ చెరో కాలర్ మైక్ పెట్టారు. రెండు ట్రాన్స్‌మిటర్లు, ఒకటే రిసీవర్. రిసీవర్ నుంచి ఒక్క వైరు కెమెరా మైక్ ఇన్‌పుట్‌లోకి వెళ్తుంది. ఈ రకం రిసీవర్లలో సాధారణంగా రెండు మోడ్‌లుంటాయి. మోనో మోడ్‌లో రెండు మైకులూ కలిసిపోయి రెండు చానెల్స్‌లోనూ ఒకే శబ్దం వస్తుంది. స్టీరియో మోడ్‌లో మొదటి మైక్ ఎడమ చానెల్‌లోకి, రెండోది కుడి చానెల్‌లోకి విడివిడిగా వెళ్తాయి. మన డైరెక్టర్ స్టీరియో మోడ్ పెట్టింది. ఆ నిర్ణయం సరైనదే. నేనున్నా అదే పెట్టమనేవాణ్ణి, ఎందుకంటే సెట్‌లో కలిసిపోయిన గొంతుల్ని తర్వాత శుభ్రంగా వేరు చేయడం చాలా కష్టం. విడిగా ఉన్నవాటిని కలపడం రెండు నిమిషాల పని.

చిక్కంతా 'స్టీరియో' అనే మాటతో వచ్చింది. కెమెరా దృష్టిలో స్టీరియో అంటే రెండు గదులున్న పెట్టె. ఏ గదిలో ఏముందో దానికి పట్టదు. ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ కూడా పెట్టె మీది 'స్టీరియో' అనే చీటీ చదివి, పాటకు చేసినట్టే మొదటి గదిని ఎడమ స్పీకర్‌కీ, రెండోదాన్ని కుడి స్పీకర్‌కీ పంపేస్తుంది. పాటైతే అది సబబే. ఇద్దరు మనుషుల సంభాషణలో మాత్రం ఒక మనిషి మొత్తం ఒక చెవికే పరిమితమైపోతుంది.

మరి ఎడిట్ చేసినన్నాళ్ళూ నాకెందుకు తెలియలేదు? నేను స్పీకర్ల మీద పని చేశాను. స్పీకర్ల నుంచి వచ్చే శబ్దం గదిలో తిరిగి రెండు చెవులకూ చేరుతుంది. పైగా ఫ్రేమ్‌లో కూతురు ఎడమవైపు, తల్లి కుడివైపు కూర్చున్నారు. గొంతులు కూడా అటూ ఇటూ వస్తుంటే బొమ్మకు అతికినట్టే అనిపించింది. వేవ్‌ఫారం, అంటే శబ్దం హెచ్చుతగ్గుల్ని చూపే గీత, చూసినా దొరికిపోయేది. ట్రాక్ ఎత్తు పెంచితే క్లిప్‌లో రెండు గీతలు కనిపిస్తాయి, పైది ఎడమ, కిందిది కుడి. కూతురు మాట్లాడినప్పుడు పైగీత గుట్టల్లా లేచి కిందిది సన్నగా వణుకుతుంది. తల్లి మాట్లాడినప్పుడు దానికి తలకిందులు. నిజమైన స్టీరియోలో రెండు గీతలూ ఇంచుమించు కలిసి లేచి కలిసి పడతాయి. ట్రాకులు కుదించి పెట్టుకునే అలవాటు వల్ల ఆ తేడా నా కంట పడలేదు.

కోసేసిన తర్వాత విడదీయడం

మొదట్లోనే తెలిసుంటే పని చిన్నదే. నేను వాడే ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ ప్రీమియర్ ప్రోలో ప్రాజెక్ట్ ప్యానెల్‌లోని క్లిప్ మీద రైట్ క్లిక్ చేసి మాడిఫై, అందులో ఆడియో చానెల్స్. క్లిప్ చానెల్ ఫార్మాట్‌ను మోనో చేసి, ఆడియో క్లిప్‌ల సంఖ్య 2 ఇచ్చి, మొదటిదానికి ఎడమ, రెండోదానికి కుడి టిక్ పెట్టాలి. ఆ తర్వాత క్లిప్‌ని టైమ్‌లైన్ (ముక్కల్ని వరసగా పరిచే చోటు) మీదకు లాగితే కింద రెండు ఆడియో ముక్కలొస్తాయి, రెండూ మధ్యలోంచి వినపడతాయి. కానీ ఈ మార్పు ఆ తర్వాత టైమ్‌లైన్‌లోకి వచ్చే ముక్కలకే. అప్పటికే పరిచి కోసిన ముక్కలు పాతలాగే ఉండిపోతాయి. నా టైమ్‌లైన్‌లో అలాంటివి 140కి పైగా ఉన్నాయి. మళ్ళీ మొదటి నుంచి కోయడమంటే కళ్ళు తిరిగాయి.

అందుకే వేరే దారి పట్టాను. ముందు సీక్వెన్స్‌ను డూప్లికేట్ చేసి పాతదాన్ని పక్కన పెట్టాను. బొమ్మనూ మాటనూ కలిపి పట్టుకునే లింక్డ్ సెలెక్షన్ ఆఫ్ చేసి, సంభాషణ ఉన్న ఆడియో ముక్కలన్నీ సెలెక్ట్ చేసి, ఆల్ట్ నొక్కి పట్టుకుని కింది ఖాళీ ట్రాక్‌లోకి లాగాను. ఇప్పుడు అవే కట్స్‌తో రెండు ట్రాకులు. పై ట్రాక్‌లోని ముక్కలన్నిటికీ 'ఫిల్ రైట్ విత్ లెఫ్ట్' ఎఫెక్ట్ వేశాను. ఎడమ చానెల్ కుడిలోకి కూడా కాపీ అయ్యి, పాత కుడి చానెల్ పోతుంది. అంటే ఆ ట్రాక్‌లో కూతురు మాత్రమే, రెండు చెవుల్లోనూ. కింది ట్రాక్‌కు దీనికి ఎదురుది, 'ఫిల్ లెఫ్ట్ విత్ రైట్'. అక్కడ తల్లి మాత్రమే. ఒక్క కట్ కూడా కదలలేదు.

కదల్లేదని ఎలా నమ్మాలి? ఎఫెక్ట్స్ వేయకముందే చిన్న పరీక్ష చేశాను. కింది ట్రాక్ ముక్కలన్నిటికీ ఇన్వర్ట్ ఎఫెక్ట్ వేసి రెండు ట్రాకుల్నీ కలిపి ప్లే చేశాను. ఒకే శబ్దానికి దాని తలకిందుల రూపాన్ని కలిపితే మిగిలేది సున్నా. కాబట్టి అంతా నిశ్శబ్దంగా ఉంటే కాపీ ఎక్కడా పక్కకి కదల్లేదన్నట్టే. ఒక్క చోట మాత్రం గొంతు వినపడింది. వెళ్ళి చూస్తే ఆ ముక్క మీద నేను అంతకుముందే వాల్యూమ్ మార్చి ఉన్నాను, కాపీ చేశాక పొరపాటున పైదాన్ని తాకినట్టున్నాను. సరిచేసి, ఇన్వర్ట్ తీసేసి, అప్పుడు ఫిల్ ఎఫెక్ట్స్ వేశాను. ఈ పరీక్షకు పట్టింది ఫిల్మ్ ఒకసారి నడిచేంత సమయం. అది లేకుండా ముందుకెళ్ళడానికి నాకు ధైర్యం చాలేది కాదు.

క్లిప్ మెనూలోని ఆడియో ఆప్షన్స్‌లో 'బ్రేకౌట్ టు మోనో' అని ఇంకోటి ఉంది. అది ప్రతి చానెల్‌నూ ప్రాజెక్ట్ ప్యానెల్‌లో విడి క్లిప్‌గా చేసి పెడుతుంది. విడిగా రికార్డర్‌లో తీసిన ఆడియో ఫైల్స్‌కి బాగుంటుంది గానీ, బొమ్మతో కలిసి ఉన్న క్లిప్‌కి నేనది వాడను. బొమ్మ ఒక చోట, మాట ఇంకో చోట అయిపోతాయి.

డావించి రిజాల్వ్ వాడేవాళ్ళు మీడియా పూల్‌లో క్లిప్ మీద రైట్ క్లిక్ చేసి క్లిప్ ఆట్రిబ్యూట్స్‌లో ఆడియో ట్యాబ్ తెరవాలి. ఫార్మాట్‌ను స్టీరియో నుంచి మోనోకి మార్చి, ఇంకో ట్రాక్ యాడ్ చేసి, ఒకదానికి ఎంబెడెడ్ చానెల్ 1, రెండోదానికి 2 ఇవ్వాలి. అక్కడితో ఆగకూడదు. టైమ్‌లైన్ ట్రాక్ కూడా మోనో అయ్యుండాలి, ట్రాక్ పేరు దగ్గర రైట్ క్లిక్ చేస్తే 'చేంజ్ ట్రాక్ టైప్ టు' కనిపిస్తుంది. మోనో క్లిప్‌ని స్టీరియో ట్రాక్‌లో పెడితే శబ్దం ఎడమవైపుకే పోయి మళ్ళీ మొదటికొచ్చే ప్రమాదముంది. ఫైనల్ కట్ ప్రోలో ఈ పని అన్నిటికన్నా సులువు. ఆడియో ఇన్‌స్పెక్టర్‌లో ఆడియో కాన్ఫిగరేషన్ దగ్గర స్టీరియో బదులు డ్యూయల్ మోనో ఎంచుకుంటే చాలు, కోసేసిన క్లిప్‌లకూ పనిచేస్తుంది. ఆడాసిటీలో అయితే పేర్లు జాగ్రత్తగా చదవాలి. 'స్ప్లిట్ స్టీరియో ట్రాక్' అంటే విడదీస్తుంది గానీ ఒకటి ఎడమకీ ఇంకోటి కుడికీ అలాగే ఉంటాయి. రెండూ మధ్యకి రావాలంటే 'స్ప్లిట్ స్టీరియో టు మోనో' నొక్కాలి.

ప్రీమియర్ ప్రిఫరెన్సెస్‌లో స్టీరియో ఫైల్స్ అన్నీ మోనోగా రావాలని కూడా పెట్టుకోవచ్చు. నేను పెట్టుకోలేదు. ఈ ఫిల్మ్‌లోనే వాన చప్పుడు ఒకటుంది, రెండు మైకులతో తీసిన నిజమైన స్టీరియో. నేపథ్య సంగీతం కూడా ఉంది. వాటిని విడదీసి రెండు ముక్కల్నీ మధ్యలో పెడితే వెడల్పు పోయి వానంతా ఒక్క గొట్టంలోంచి పడుతున్నట్టుంటుంది.

విడదీశాక వచ్చిన అసలు పని

గొంతులు మధ్యకొచ్చాయి, పని అయిపోయిందనుకున్నాను. హెడ్‌ఫోన్స్‌లో విన్నాను. తల్లి గొంతు డొల్లగా, స్టీలు బిందెలో తల పెట్టి మాట్లాడినట్టుంది. పాత ఫైల్‌లో ఇలా లేదు.

కారణం బ్లీడ్, అంటే ఒకరి గొంతు రెండోవాళ్ళ మైక్‌లోకి కూడా పడటం. ఇద్దరి మధ్యా దూరం మీటరున్నర లోపే. తల్లి మాట ముందు తన మైక్‌కి, తర్వాత కూతురి మైక్‌కీ చేరుతుంది. రెండు దారుల మధ్య తేడా సుమారు ఒక మీటరు. శబ్దం మామూలు గది వేడిలో సెకనుకు 343 మీటర్లు పోతుంది కాబట్టి ఆ మీటరు దాటడానికి 2.9 మిల్లీసెకన్లు పడుతుంది. చెవులు వేరువేరుగా విన్నంతసేపు దాని ప్రభావం తెలియదు. రెండింటినీ ఒకే చోట కలపగానే అసలు గొంతు, ఆలస్యంగా వచ్చిన దాని నీడ ఒకదాని మీద ఒకటి పడతాయి. కొన్ని పౌనఃపున్యాలు బలపడతాయి, కొన్ని కొట్టుకుపోతాయి. 2.9 మిల్లీసెకన్ల తేడాకు మొదటి గుంట 172 హెర్ట్జ్ దగ్గర, తర్వాతవి 515 దగ్గర, 858 దగ్గర, అలా దువ్వెన పళ్ళలా పడుతూ పోతాయి. అందుకే దీన్ని కోంబ్ ఫిల్టరింగ్ అంటారు. 172 అంటే ఆడవాళ్ళ గొంతు అడుగు స్వరం తరచూ పలికే చోటికి దగ్గర. బిందె గొంతు అక్కడి నుంచే వచ్చింది.

ఒక ట్రాక్‌ని కొంచెం జరిపితే సరిపోదా అని చూశాను. సెకనుకు 25 ఫ్రేముల వీడియోలో ఒక ఫ్రేమ్ అంటే 40 మిల్లీసెకన్లు. మనకు కావాల్సింది 3 కూడా లేదు. టైమ్‌లైన్‌లో షో ఆడియో టైమ్ యూనిట్స్ ఆన్ చేస్తే శాంపిల్ లెక్కన జరపొచ్చు. 48,000 హెర్ట్జ్‌లో 2.9 మిల్లీసెకన్లంటే 140 శాంపిల్స్. జరిపి చూస్తే తల్లి గొంతు బాగుపడింది, కూతురి గొంతు ఇంకా పాడైంది. ఆమె గొంతు ప్రయాణించేది ఎదురు దిక్కులో కదా! పైగా తల్లి ముందుకు వంగినప్పుడల్లా ఆ దూరం మారిపోతోంది. ఆ దారి వదిలేశాను.

మిగిలిన మార్గం ఒక్కటే. ఒకరు మాట్లాడుతుంటే రెండోవాళ్ళ మైక్‌ని తగ్గించడం. ఆటోమేటిక్ గేట్ ప్రయత్నించాను. అది మాట పెద్దగా ఉన్నప్పుడు తెరుచుకుని చిన్నదవగానే మూసుకుంటుంది. ఈ తల్లి వాక్యం చివర గొంతు తగ్గించి దాదాపు గుసగుసగా ముగిస్తుంది. గేట్ ఆ చివరి మాటలు మింగేసింది. ఆమె మాటల్లో బరువంతా అక్కడే ఉంది. కాబట్టి గేట్ తీసేసి, కీఫ్రేమ్‌లు (వాల్యూమ్ మారాల్సిన చోట పెట్టే గుర్తులు) పెడుతూ చేత్తోనే చేశాను. మాట్లాడని మైక్‌ని పూర్తిగా ఆపకుండా 12 డెసిబెల్స్ వరకు తగ్గించాను. పూర్తిగా ఆపితే గది చప్పుడు కూడా దాంతో పాటే ఆగి, మళ్ళీ తెరిచినప్పుడల్లా 'హుస్' అని పైకి లేచి పట్టుబడుతుంది. దిగేటప్పుడు నాలుగైదు ఫ్రేములు, ఎక్కేటప్పుడు రెండు మూడు ఫ్రేముల వాలు ఇచ్చాను. ఇద్దరూ కలిసి నవ్విన చోట్ల రెండూ తెరిచే ఉంచాను. నవ్వులో దువ్వెన గుంటలు ఎవరికీ తెలియవు.

దీనికి ఒక రోజంతా పట్టింది. కానీ ఇక్కడే నాకొక కానుక కూడా దొరికింది. తల్లి చెబుతున్నంతసేపూ కూతురు ఊఁ కొడుతూ ఉంటుంది. పాత ఎడిట్‌లో ఆ ఊఁలు ఎడమ చెవిలో గుచ్చుకుంటూ ఉండేవి, నేను వాటిని గమనించనే లేదు. ఇప్పుడవి విడి ట్రాక్‌లో ఉన్నాయి, ఒక్కొక్కటీ నా చేతిలో ఉంది. తల్లి మాట మీద పడుతున్న ఊఁలను తగ్గించాను. తన తొలి క్లాసు గురించి చెబుతూ ఆమె మధ్యలో ఆగి, కూతురి వైపు చూస్తుంది. అక్కడ కూతురు చాలా మెల్లగా "ఊఁ" అంటుంది. ఆ ఒక్కదాన్ని కొంచెం పెంచాను. ఆ ఊఁ వినపడ్డాకే తల్లి మళ్ళీ మొదలుపెడుతుంది. పెంచాక గానీ నాకది అర్థం కాలేదు.

మాయమైన పరిచయం

ఫిల్మ్ మొదట్లో కూతురు కెమెరా వైపు చూసి నాలుగు నిమిషాలు మాట్లాడుతుంది. దాన్ని వేరే రోజు హ్యాండ్ మైక్‌తో తీశారు. ఇది కూడా స్టీరియో క్లిప్పే, ఈసారి రెండు చానెల్స్‌లోనూ ఆమె గొంతే ఉంది. సమస్య లేదనుకుని వదిలేశాను. సరిచేసిన ఫిల్మ్‌ని ఒకే స్పీకరున్న ఫోన్‌లో పెట్టి చూస్తే, పెదవులు కదులుతున్నాయి గానీ మాట లేదు! నాలుగు నిమిషాలూ అంతే, అడుగున ఏదో సన్నటి గరగర తప్ప.

హెడ్‌ఫోన్స్‌లో మళ్ళీ విన్నాను. గొంతు ఉంది, అయితే ముందు నుంచి రావట్లేదు, తల వెనక ఎక్కడో తేలుతున్నట్టుంది. వేవ్‌ఫారంని బాగా దగ్గరగా చూస్తే విషయం తేలింది. పైగీత పైకి లేచిన ప్రతి చోటా కిందిగీత అంతే కిందికి దిగుతోంది. అద్దంలో బొమ్మలాగా.

ఆ మైక్ బ్యాలెన్స్‌డ్ రకం, ఎక్స్‌ఎల్‌ఆర్ ప్లగ్గుది. అందులో 2వ పిన్ మీద సిగ్నల్, 3వ పిన్ మీద అదే సిగ్నల్ తలకిందులుగా వస్తాయి. దాన్ని ఒక మామూలు వైరుతో కెమెరా చిన్న జాక్‌కి కలిపారు. కెమెరా జాక్ స్టీరియోది, ప్లగ్గు కొస ఎడమకి, మధ్య వలయం కుడికి. 2వ పిన్ ఎడమకీ 3వ పిన్ కుడికీ చేరాయి. ఒకే స్పీకరున్న ఫోన్ రెండింటినీ కలిపేసరికి గొంతు గొంతును కొట్టేసింది. ఇంటర్వ్యూ మైకులకు సెట్‌లో వాడిన స్టీరియో ఇన్‌పుట్టే ఇక్కడ కొంప ముంచింది.

మందు మళ్ళీ విడదీయడమే. క్లిప్‌ని రెండు మోనోలు చేసి ఒకటి పారేస్తే చాలు. నేను ఇంకొంచెం ముందుకెళ్ళాను. కుడి చానెల్‌కి ఇన్వర్ట్ వేసి ఎడమదానికి కలిపాను. ఇప్పుడు రెండు గొంతులూ ఒకే దిక్కులో ఉన్నాయి కాబట్టి శబ్దం 6 డెసిబెల్స్ పెరిగింది, అంత మేరకు తగ్గించాను. కెమెరాలో మైక్ శబ్దాన్ని పెంచే ప్రీయాంప్ నుంచి వచ్చే 'హిస్' చప్పుడు రెండు చానెల్స్‌లో వేరువేరుగా ఉంటుంది గనక అది 3 డెసిబెల్సే పెరుగుతుంది. అంటే గొంతు, హిస్‌ల మధ్య దూరం 3 డెసిబెల్స్ పెరిగినట్టు. వైరులో చేరిన హమ్ (కరెంటు గుయ్‌మనే మోత) రెండింటిలోనూ ఒకే దిక్కులో ఉండటంతో ఇన్వర్ట్ తర్వాత చాలావరకు పోయింది. బ్యాలెన్స్‌డ్ వైరింగ్ కనిపెట్టిందే అందుకు. సెట్‌లో జరగాల్సిన పని టైమ్‌లైన్‌లో జరిగింది.

పంపే ముందు

ఫైనల్ ఫైల్ స్టీరియోగానే ఎక్స్‌పోర్ట్ చేశాను, సంగీతం, వాన ఉన్నాయి కాబట్టి. మాటలు మాత్రమే ఉన్న ఫైల్‌ని మోనోలో పంపేవాళ్ళు ఒకటి గుర్తుంచుకోవాలి. లౌడ్‌నెస్ మీటర్ చానెల్స్ శక్తిని కూడుతుంది. అదే గొంతు ఒక్క చానెల్‌లో ఉన్నప్పటి కన్నా రెండింటిలోనూ ఉన్నప్పుడు 3 లౌడ్‌నెస్ యూనిట్లు ఎక్కువ చూపిస్తుంది. మోనో క్లిప్‌ని మధ్యలో పెట్టినప్పుడు కొన్ని సాఫ్ట్‌వేర్‌లు ఒక్కో చానెల్‌నూ 3 డెసిబెల్స్ తగ్గిస్తాయి కూడా. కాబట్టి విడదీయకముందు సెట్ చేసిన వాల్యూమ్‌లను నమ్మకుండా, అంతా అయ్యాక మళ్ళీ కొలవాలి.

తర్వాత ఫిల్మ్ మొత్తం నాలుగుసార్లు విన్నాను. ఎడమ చెవితో ఒకసారి, కుడి చెవితో ఒకసారి, ఫోన్ స్పీకర్‌లో ఒకసారి, చివర రెండు చెవులతో. ఫోన్ సెట్టింగ్స్‌లో యాక్సెసిబిలిటీ కింద మోనో ఆడియో అనే బటన్ ఉంటుంది, తల్లిగారి ఫోన్‌లో అది ఆన్ చేయమని డైరెక్టర్‌కి చెప్పాను. వేరేవాళ్ళ వీడియోలకు ఆమెకు పనికొస్తుందని. మన ఫిల్మ్ మాత్రం ఆ బటన్ ఆఫ్‌లో ఉన్నా పూర్తిగా వినపడాలన్నది నా పట్టుదల. వినికిడి తక్కువున్న మనిషి సెట్టింగ్ వెతుక్కుంటేనే వినపడే ఫిల్మ్ పూర్తయిన ఫిల్మ్ అని నేను అనుకోను.

రెండు రోజుల తర్వాత ఫోన్ వచ్చింది. "అన్నా, అమ్మ మొత్తం వింది. 41వ నిమిషం దగ్గర ఒక స్టూడెంట్ గురించి పొరపాటుగా చెప్పిందట, ఆ పిల్లాడు కాదట, వాడి తమ్ముడట. ఆ వాక్యం తీసెయ్యమంటోంది."

తీసేశాను. ముందు తల్లి ట్రాక్‌లో కోశాను, ప్లే చేస్తే సన్నగా ఇంకా వినపడుతోంది. కూతురి మైక్‌లో, 12 డెసిబెల్స్ కింద, అదే వాక్యం. అక్కడ కూడా కోసి, ఆ ఖాళీలో వాళ్ళిద్దరూ మౌనంగా ఉన్నప్పటి గది చప్పుడు పరిచి, ఫైల్ మళ్ళీ పంపాను.